మాట కోసం ఆగిన తరగతి

"సంతకం చేసేసినాను. ఇంక దీంట్లో మాట్లాడేదానికి ఏమీ లేదు," అన్నాడు యేసురత్నం.

పొన్నమ్మ ఆ కాలేజీ మానేసే కాగితం లాక్కోబోయింది. ఆయన చెయ్యి పైకెత్తేశాడు. ఆమె అందుకోలేక, ఎత్తిన చేతివంకే చూస్తూ నిలబడింది.

"ఏడాదిన్నర అయిపోయింది. ఇంక ఆరు నెల్లు చదివితే నా బిడ్డ టీచరు. ఆరు నెల్లు ఓర్చుకోలేరా తండ్రీ కొడుకులు?"

"వద్దనింది నేను కాదు. వాళ్ళ కాలేజీ."

"కాలేజీ అంటే ఎవురు? ఆ మేడమే గదా? ఆమె అంటే మాత్రం మీరు ఊ కొట్టేదా? వాని నోరు ఎట్లాంటిదో మనకి ఇప్పుడు తెలిసిందా ఏంది? మాటలొచ్చినప్పటినించీ వింటానే ఉండాం."

యేసురత్నం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తోసుకున్నాడు. ఆయన మాటలు ఎప్పుడూ అంతే. రెండు ముక్కలు, ఆ తర్వాత తలుపు వేసినట్టు మౌనం. తిరుత్తణి రైల్వే గేటు పక్క వీధిలో అందరూ ఆయన్ని కోపిష్టి అంటారు.

దేవా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళు. బీఎడ్ రెండో ఏడు. పాఠం చెప్పడం నేర్చుకునేందుకు కాలేజీవాళ్ళు ఊరి చివర సర్కారు బడికి పంపితే రెండు నెలలు వెళ్ళాడు. నాలుగు రోజులుగా వెళ్ళడం లేదు. ఇస్త్రీ చేసిన చొక్కా మంచం మీద పెట్టింది పెట్టినట్టే ఉంది.

"నువ్వన్నా చెప్పరా," అంది పొన్నమ్మ. "ఆ మేడం ఏమనిందో నోరు తెరిచి చెప్పు."

దేవా తల వంచుకున్నాడు.

"దేవా వాళ్ళ ఇల్లు ఇదేనా?" అని వాకిట్లో ఎవరో అడిగారు.

ముగ్గురూ తిరిగి చూశారు. గుమ్మం బయట చెప్పులు విడుస్తూ ఉంది కాంచన. తిరువళ్ళూరు దగ్గర బీఎడ్ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా లెక్కలు ఎట్లా నేర్పాలో నేర్పుతున్న మనిషి. ఇరవై మంది విద్యార్థులకు ఆమె మెంటర్. ఎవరికి ఏది తగునో చూసి, ఏ దోవ పట్టాలో చెప్పడం ఆమె బాధ్యత. నీకు బడి తగదు అని పోయిన వారం దేవాకు చెప్పింది ఆమే.

పొన్నమ్మ ముఖం ఎర్రబడింది. అయినా లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"కూర్చోండి మేడమ్మా. కూర్చున్నాక అడగతా. నా బిడ్డకి నత్తి అని మీకు మొన్ననే తెలిసిందా? చేర్చుకునేటప్పుడు తెల్లేదా?"

"తెలుసమ్మా."

"తెలిసే చేర్చుకొని, ఇంత దూరం లాక్కొచ్చి, ఇప్పుడు నీకు ఇది తగదంటారా? అన్నం ముందర కూర్చోబెట్టి తట్ట లాక్కున్నట్టు?"

కాంచన రైల్లో ఈ ప్రశ్నకు జవాబు తయారు చేసుకునే వచ్చింది. అరక్కోణం దాటేసరికి ఆ జవాబు బాగానే ఉందనిపించింది. ఇక్కడ నోట్లోకి వచ్చేసరికి చప్పబడిపోయింది.

"ప్రాక్టికల్ పరీక్ష వస్తా ఉండాదమ్మా. బయటి కాలేజీనించి ఎవరో వచ్చి, వెనక కూర్చొని మార్కులేస్తారు. ఆ తెలియని మనిషి ముందర మీ బిడ్డ నవ్వులపాలు కాకూడదనుకొన్నా. వానికి లెక్కలు చానా బాగా వస్తాయి. ఆఫీసు కొలువులుండాయి, పుస్తకాలు తయారుచేసే కొలువులుండాయి. అట్లా చూసుకోమన్నా."

"సరైన మాట," అన్నాడు యేసురత్నం. "నేనూ అదే అంటా ఉండా."

"మీరు ఊరుకోండి," అంది పొన్నమ్మ. "అంతా చెప్పేసి, మళ్ళీ ఈ దినం ఎందుకొచ్చినారు మేడమ్మా?"

కాంచన చేతిసంచి ఒళ్ళోకి తీసుకుంది. కాసేపు దాని జిప్పు లాగింది, వేసింది.

"నిన్న బడి హెచ్ఎం రంగనాయకమ్మగారు ఫోన్ చేసినారు. 'మీ దేవాని మళ్ళీ పంపించరా? ఆరో తరగతి పిల్లలు పొద్దస్తమానం నా రూము ముందరే నిలబడి, సార్ యాడ అని అడగతా ఉండారు' అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. నేను దేవా పాఠం చూసింది ఒకే ఒక్క తూరి. కాలేజీలో, తోటి స్టూడెంట్ల ముందర. నిజం పిల్లల ముందర వాడెట్లా ఉంటాడో నేను చూడనే లేదు. చూడకుండానే రిజిస్టరులో రాసేసినాను."

పొన్నమ్మ కోపం ఎటు పోవాలో తెలియనట్టు ఆగిపోయింది.

"దేవా," అంది కాంచన. "ఒక్క పాఠం. ఈ దినమే. నేను వెనక బెంచీలో కూర్చుంటా. ఆ తర్వాత నీ ఇష్టం."

దేవా తలెత్తాడు. గొంతు కదిలింది.

"మ... మ..."

"మళ్ళీ వస్తాడంట," అంది పొన్నమ్మ.

"మానేస్తాడంట," అన్నాడు యేసురత్నం.

ఇద్దరి మాటలూ అయ్యేదాకా దేవా ఆగాడు.

"మ... మధ్యాన్నం ముందరే నా క్లాసు, మేడం. ప... పదకొండుకి."

లేచి, మంచం మీది చొక్కా తీసుకున్నాడు.

* * *

ఆరో తరగతిలో ముప్ఫై నాలుగు మంది. సగానికి పైగా ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే. పుస్తకం అరవంలో ఉంటుంది, పాఠం అరవంలో సాగుతుంది, సందేహాలు మాత్రం తెలుగులో వస్తాయి.

దేవా లోపలికి అడుగుపెట్టగానే పిల్లలు కేకలు వేస్తారని కాంచన అనుకుంది. వెయ్యలేదు. లేచి నిలబడి, ముఖమంతా నవ్వుతో అతన్నే చూశారు. ముందు వరసలో ఒక పిల్ల సుద్దముక్క పట్టుకుని సిద్ధంగా ఉంది.

కాంచన వెనక బెంచీలో కూర్చుని పరిశీలన కాగితం తీసింది. పాఠం చూసేటప్పుడు మార్కులు వేసే కాగితం అది. మొదటి వరస, స్వరం స్పష్టత. రెండో వరస, మాట తడబడకుండా సాగడం. వాటిని చూసి ఆమెకు ఇబ్బందిగా అనిపించి కాగితాన్ని బోర్లించింది.

దేవా బోర్డు మీద మూడో వంతు రాశాడు. దూరంగా నాలుగో వంతు రాశాడు.

"ఈ రెండిట్లో ఏది ప... ప... ప..."

కాంచన కళ్ళు మూసుకుంది. నవ్వు వస్తుంది. ఏదో మూల నుంచి మొదలై గదంతా పాకుతుంది. పద్దెనిమిదేళ్ళలో అట్లాంటి నవ్వులు ఎన్నో విన్నది.

నవ్వు రాలేదు.

"...పెద్దది?"

కళ్ళు తెరిచింది. ఒక్క పిల్ల పెదవి కూడా ఆ మాట అందించడానికి కదల్లేదు. ఆ ముఖాల్లో జాలి లేదు. వడ్డించేదాకా కూర్చున్నవాళ్ళలాగ నిమ్మళంగా ఉన్నారు.

పక్కన కూర్చున్న పిల్లవైపు వంగి కాంచన గుసగుసగా అడిగింది. "మీరెవరూ మాట అందించరే?"

"అందించకూడదు మేడం," అంది ఆ పిల్ల, పెద్ద తప్పు తెలియజెప్పినట్టు. "ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాల. సార్ మొదటి దినమే చెప్పినారు. సార్‌కి గూడా అందించకూడదు."

తణికైవేల్ అనే పిల్లవాడు లేచాడు. "నాలుగో వంతే సార్! మూడుకన్నా నాలుగు పెద్దది గదా!"

చాలామంది అవునని తలలూపారు. దేవా తప్పనలేదు. నాలుగో వంతు పక్కన తణికైవేల్ పేరు రాశాడు.

"ఇంకెవరన్నా?"

ఎవరూ లేవలేదు. దేవా సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగాలని కాంచన ప్రతి ఏడూ కాలేజీలో చెబుతుంది. పిల్లలకు ఆలోచించుకునే తీరిక ఇవ్వాలని బోర్డు మీద రాయిస్తుంది. పరీక్షలో రెండు మార్కులకు అడుగుతుంది. రెండు మార్కులూ అందరికీ వస్తాయి. కానీ పాఠం చెప్పే చోట ఆ మూడు సెకన్లు ఆగినవాళ్ళను ఆమె ఇంతవరకూ చూడలేదు. ఆమె కూడా ఎప్పుడూ ఆగలేదు.

గోడ గడియారం చూసింది. పది సెకన్లు. ఇరవై. బయట గూడ్సు బండి వెళ్తోంది. నలభై. ఒకడు వేళ్ళు విప్పి ఏదో లెక్క వేసుకుంటున్నాడు. ఒక పిల్ల నోటుపుస్తకం అంచును మూడుగా మడిచి, విప్పి, నాలుగుగా మడుస్తోంది. ఆ నిశ్శబ్దంలో భయం లేదు. నీళ్ళు పారగట్టిన మడిలాగ గదంతా లోలోపల తడుస్తోంది.

నిమిషం దాటాక మూడో వరసలో ఒక పిల్ల లేచి బోర్డు దగ్గరికి నడిచింది. సన్నగా, ఎర్ర రిబ్బన్లతో ఉంది. కుడిచేత్తో పావడా కుచ్చిళ్ళు గట్టిగా పిండుతోంది.

"చ... చెప్పు సెల్వీ," అన్నాడు దేవా.

"క... క... క..."

ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది.

"పూలు. మా అమ్మ పూలు అమ్ముతుంది. ఒక మూర ముగ్గురు... ముగ్గురు పంచుకుంటే, ఒక్కొక్కరికీ..." రెండు చేతులూ ఎడంగా పట్టుకుంది. "ఇంత. అదే మూర న... న... నలుగురు పంచుకుంటే..."

చేతులు దగ్గరికి తెచ్చింది. ఆ చేతుల మధ్య తగ్గిపోయిన పూలమాలను ముప్ఫై నాలుగు మందీ చూశారు. కాంచన కూడా చూసింది.

తణికైవేల్ ఎవరూ చెప్పకుండానే లేచాడు. బోర్డు దగ్గరికి వెళ్ళి నాలుగో వంతు పక్కనున్న తన పేరు అరచేత్తో తుడిచి, మూడో వంతు పక్కన మళ్ళీ రాసుకున్నాడు. వెనక్కి తిరిగి వస్తూ సగం దోవలో ఆగిపోయాడు.

"సార్! అయితే ఐదో వంతు ఇంకా చిన్నది! నూరో వంతు... సార్, నూరో వంతు ఒక్క పువ్వు గూడా రాదు!"

తరగతి ఒక్కసారిగా గోలెత్తిపోయింది. వెయ్యో వంతు అని ఒకరు, లక్షో వంతు అని ఇంకొకరు, అది కంటికి కనబడుతుందా అని మరొకరు.

తాను ఎప్పుడు లేచి నిలబడిందో కాంచనకే తెలియదు. ఒక్క అక్షరం తడబడకుండా చెప్పిన పాఠాలు వందలకొద్దీ చూసింది. వాటికి నూటికి తొంభై మార్కులు వేసింది. ఆ పాఠాల్లో పిల్లలు గంట కోసం ఎదురుచూశారు. ఇక్కడ గంట కొట్టినా ఎవరికీ వినబడలేదు.

* * *

"ఈ సెల్వి ఒకటో తరగతినించీ ఇక్కడే," అంది రంగనాయకమ్మ, తన గదిలో. "దాని గొంతు నేను విన్నది ఈ రెండు నెల్లల్లోనే. మూగదనే అనుకొన్నాం చానా దినాలు." మళ్ళీ తనే, "దేవా మీతో చెప్పలేదా మేడం?" అని అడిగింది.

"ఏం చెప్పలేదా?"

"సోమవారం వాళ్ళ నాయన వరదన్ వచ్చినాడు. ఆటో తోలతాడు. 'నోరెత్తని పిల్ల ఇప్పుడు ఇంట్లో నోరు తెరిస్తే తిక్కువాయి. మీ సారు దానికి నత్తి అంటించినాడు' అని పిల్లలందరి ముందరా అరిచినాడు. దేవా చేతులు కట్టుకొని విన్నాడు. సాయంత్రం వెళ్ళినోడు మళ్ళీ రాలేదు."

కాంచన వరండాలోకి వచ్చింది. దేవా స్తంభం దగ్గర నిలబడి చేతుల సుద్ద దులుపుకుంటున్నాడు.

"నేను రాసిందానికే నిలిచిపోయినావనుకొన్నా," అంది.

"అది... కాదు మేడం. నన్నేమన్నా ప... పరవాలేదు. కానీ ఆ పాప..." అతని కళ్ళు నిండాయి. "నిజంగా అంటుకుంటుందా మేడం?"

లేదు అనే మాట కాంచన పెదవి చివరిదాకా వచ్చింది. పుస్తకాల్లో అట్లానే ఉంది. కానీ పోయిన వారం కూడా ఇట్లానే, చూడకుండా, పుస్తకం తెలుసన్న ధైర్యంతోనే చెప్పింది.

"అంటుకోదు," అన్నారెవరో.

యేసురత్నం. తరగతి కిటికీ దగ్గర, గోడ నీడలో నిలబడి ఉన్నాడు. వాళ్ళ వెనకే వచ్చినట్టున్నాడు, ఆయన బండి బడి గేటు బయట ఉంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"ఆ బిడ్డ నేర్చుకునింది కాదు మేడం. దాచుకునింది. ముందర కనకాంబరాలు అనబోయింది. అది రాదని తెలిసి ఇంకో మాటకి దూకింది. నేర్చుకున్నోళ్ళకి ఆ భయం ఉండదు. దూకేది రాదు. అది ఏండ్ల తరబడి చేసినోళ్ళకే వస్తుంది."

"మీకెట్లా తెలుసన్నా?"

ఆయన కొడుకు ముఖం చూడలేదు. నేల చూశాడు.

"నాకీ ఉండాది."

దేవా చేతులు దులపడం ఆపాడు.

"ఒకే ఒక్క అక్షరం. దాంతో మొదలయ్యే మాట నేను అనను. ఇరవై ఏండ్లుగా ఫ్యాక్టరీకి వెళ్తా ఉండా, డ్యూటీ అంటాను. వీనికి తమ్ముడు కావాలని వాళ్ళ అమ్మ ఆశించింది, దేవుడు ఇవ్వలేదు. వీడొక్కడే. నోరు తిరిగే మాట కదా అని దేవా అని నేనే ఎన్నుకున్నా. వాళ్ళ అమ్మని మనువాడి ఇరవై ఐదేండ్లు. ఒక్క దినం ఆమెని ఆమె..."

ఆగిపోయాడు. మెడనరం ఉబ్బింది. ఆ మాట ఏమిటో కాంచనకు తెలుసు. నాలుక కొనకు వచ్చింది. పంటి కింద అదిమి పట్టింది.

"...ప... ప... పేరుతో నేను ఎప్పుడూ అరిచి రమ్మనలేదు. మన తట్టు మగోళ్ళు ఎవురూ అనరు గదా. ఎవురికీ అనుమానం రాలేదు. ఊరంతా నన్ను కోపిష్టి అంటారు. అననీ అనుకొన్నా. నత్తోడు అనేదానికన్నా అదే మేలు."

దేవా తండ్రినే చూస్తున్నాడు. ఒకే కప్పు కింద ఇరవై మూడేళ్ళు.

"నాయనా... నాకి చెప్పినావు కాదే," అన్నాడు చివరికి. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

"చెబితే నేనూ దాన్ని వినాల్సొస్తుంది గదరా." యేసురత్నం జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. అందులో మడిచిన కాగితం చప్పుడు చేసింది. "నీకూ దాచుకునేదే నేర్పిద్దామనుకొన్నా. అది తప్ప నాకి ఇంకేమీ రాదు. ఇట్లా గూడా ఉండొచ్చునని ఈ దినం కిటికీలోంచి..."

ముగించలేదు. నత్తివల్ల కాదు.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. ఖాకీ చొక్కా మనిషి దిగి, నేరుగా వరండా వైపు నడిచాడు. నడుస్తూనే, తరగతి వాకిట్లో ఉన్న సెల్వి భుజం మీది సంచి లాక్కున్నాడు.

"నాలుగు దినాలు రాలేదని నిమ్మళంగా ఉంటే, మళ్ళీ వచ్చినాడా ఈయన?" అన్నాడు వరదన్. "హెచ్ఎం మేడం! నా బిడ్డ టీసీ ఇచ్చెయ్యండి. వేరే బళ్ళో వేసుకుంటా."

"వరదన్, కొంచెం నిదానించు," అంటూ రంగనాయకమ్మ బయటికి వచ్చింది.

"నేను కాలేజీనించి వచ్చినానన్నా," అంది కాంచన.

"ఓ, మీరేనా? ఇట్లాంటోళ్ళని పిల్లల మీదకి పంపించేది మీరే గదా?"

దేవా రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్ళీ చేతులు కట్టుకున్నాడు. సెల్వి ముఖం బిగుసుకుపోయింది. పావడా మీది చేయి పిడికిలి అయింది. ఇంకొక్క నిమిషంలో ఆ పిల్ల గేటు దాటుతుంది, ఆ తర్వాత ఆ నోరు మళ్ళీ తెరుచుకోదని కాంచనకు స్పష్టంగా తెలిసింది. తెలిసి చెయ్యగలిగింది మాత్రం ఏమీ కనబడలేదు.

యేసురత్నం కదిలాడు. కొడుకును దాటుకుని, మెట్టు దిగి, వరదన్ ఎదుట నిలబడ్డాడు.

"అన్నా. మీ... ప... ప... ప..."

ఆ కోపిష్టి ముఖం వణికింది. గడ్డం పైకి లేచి ఆగిపోయింది. మూసుకున్న కంటి కొనలో నీళ్ళు ఊరాయి. కిటికీల నిండా పిల్లల తలలు. ఒక్కరూ కిమ్మనలేదు. వరదన్ ఏదో అనబోయి, ఆ ముఖం చూసి, నోరు మూసుకున్నాడు.

"...పాప మాటలొచ్చినప్పటినించీ ఇంతే. సారు దగ్గర తెచ్చుకునింది కాదు. మీకు వినబడనీలేదు, అంతే. నేను మా అమ్మకి వినబడనీలేదు. ఆమె చచ్చిపోయేదాకా."

వరదన్ మెల్లగా కూతురివైపు తిరిగాడు.

"అవునా సెల్వీ?"

సెల్వి చూపు యేసురత్నం మీద ఉంది. తలనెరిసిన ఆ మనిషిని కాళ్ళ నుంచి ముఖం దాకా చూసింది, తనలాంటివాళ్ళు ఇంత పెద్దయ్యేదాకా ఉంటారని ఇప్పుడే తెలిసినట్టు. ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకొకటి.

"తాతా," అంది. "మీకి... ఎ... ఎ... ఎప్పుడు నయమయింది?"

ఆయన కొడుకువైపు చూశాడు. దేవా మాట అందించలేదు. వరదన్ చేతిలోని సంచి కిందికి జారి, మెట్టుకు ఆనుకుంది. అతను కూడా ఆ జవాబు కోసమే నిలబడ్డాడు.

యేసురత్నం మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెల్లగా, ఆ పిల్ల ముఖానికి తన ముఖం సమంగా వచ్చేదాకా గొంతుకూర్చున్నాడు.